ఇంటీరియర్ డిజైనర్‌ని పెట్టుకోవాలా, మన కార్పెంటర్ సరిపోతాడా? విజయనగరం, సొంత ఇల్లు, వైరింగ్ దశ

కొత్తిల్లు_విజయనగరం:

అందరికీ నమస్కారం. రింగ్ రోడ్డు వైపు 180 గజాల స్థలంలో ఇల్లు కట్టుకుంటున్నాం. కింద పార్కింగ్, పైన మూడు పడగ్గదులు, మొత్తం 1,350 చదరపు అడుగుల దాకా వస్తుంది. శ్లాబు, గోడలు అయిపోయాయి. వచ్చే వారం ఎలక్ట్రీషియన్ గోడలకు గాడులు కొట్టడానికి వస్తానన్నాడు.

విశాఖపట్నంలో ఒక ఇంటీరియర్ సంస్థకి ప్లాన్ చూపిస్తే 13 లక్షల 40 వేలు, పైన 18 శాతం జీఎస్టీ అన్నారు. వంటిల్లు, మూడు వార్డ్‌రోబ్‌లు, టీవీ యూనిట్, దేవుడి మందిరం, హాల్లో ఫాల్స్ సీలింగ్ అందులో ఉన్నాయి. మా తాపీ మేస్త్రి తీసుకొచ్చిన కార్పెంటర్ ఇదే పని ఎనిమిది లక్షల్లో చేసిపెడతానంటున్నాడు.

ఇంట్లో మేమిద్దరం, అమ్మ, ఇద్దరు పిల్లలు. మా ఆవిడ స్కూల్లో టీచరు. ఉదయం ఏడున్నరకల్లా వంటయిపోయి క్యారేజీలు కట్టెయ్యాలి. అమ్మకి మోకాళ్ల నొప్పులు, వంగి ఏదీ తీయలేదు. నేను పెట్టగలిగింది పది లక్షలు. అంతకు మించి నా దగ్గర లేదు, బ్యాంకు లోను ఇప్పటికే నడుస్తోంది. డిజైనర్ నిజంగా అవసరమా? ఆ తేడా డబ్బంతా దేనికి పోతోంది? ఈ టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

గంటస్తంభం:

ముందు ఆ ఎలక్ట్రీషియన్‌ని ఆపండి సార్. డిజైనర్ కావాలా వద్దా అన్నది తర్వాత. మంచం ఏ గోడకి వేస్తారు, వార్డ్‌రోబ్ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుంది, టీవీ ఎంత ఎత్తులో పెడతారు, ఇవి తేలకుండా గాడులు కొడితే స్విచ్‌బోర్డు వెళ్లి వార్డ్‌రోబ్ వెనకాల పడుతుంది. తర్వాత రంగు వేసిన గోడని మళ్లీ కోయాల్సి వస్తుంది.

మేము ధర్మపురిలో రెండు పడగ్గదుల ఇల్లు కట్టినప్పుడు డిజైనర్‌ని డ్రాయింగుల వరకే పెట్టుకున్నాం. ఫీజు 55 వేలు. చెక్క, లామినేట్ (చెక్క మీద అతికించే రంగు షీటు), కార్పెంటర్ అంతా మా చేతిలోనే. ఆవిడ వచ్చి మొదట అడిగింది రంగుల గురించి కాదు, మీ ఇంట్లో ఎవరు ఎన్నింటికి లేస్తారు అని. మా నాన్నమ్మ భోషాణం ఒకటి పల్లెలో ఉంటే, అడ్డమని అమ్మేద్దామనుకున్నాం. ఆవిడ మా పల్లెకి మనిషిని పంపి దాన్ని కొలిపించి, హాల్లో సరిగ్గా దానికి సరిపడా చోటు వదిలింది. పరుపులు, దుప్పట్లు, శీతాకాలం రగ్గులు అన్నీ ఇప్పుడు అందులోనే. దాంతో ఒక వార్డ్‌రోబ్ ఖర్చు తగ్గింది, పైగా నాన్నమ్మ వస్తువు ఇంట్లో నిలిచింది. మా కార్పెంటర్ మంచి పనివాడే, కానీ ఆ ఆలోచన అతనికీ రాలేదు, మాకూ రాలేదు. మేం డబ్బిచ్చింది ఆ ఆలోచనకి.

చిత్రిక:

నేను కార్పెంటర్‌ని, మాది చీపురుపల్లి. మా చేతిపని మీద నాకు నమ్మకం ఉంది. అలాగే మా వల్ల కానిది ఏమిటో కూడా తెలుసు. కొలతలతో బొమ్మ ఇస్తే ఎలాంటిదైనా చేస్తాం. బొమ్మ లేకపోతే ఇంటాయన ఒకటి చెబుతారు, ఇంటావిడ ఒకటి చెబుతారు, మధ్యలో బావమరిది ఫోన్లో ఒక ఫోటో పంపిస్తాడు. కోసిన షీటు మళ్లీ అతకదు కదా. ఇళ్లల్లో డబ్బు ఎక్కువ పోయేది అక్కడే.

ఇక ఎనిమిదికీ పదమూడుకీ తేడా అంటారా, రెండు కొటేషన్లలో ఏ షీటు రాశారు? అది తెలియకుండా రెండు అంకెలు పక్కపక్కన పెట్టి లాభం లేదు.

కొత్తిల్లు_విజయనగరం:

విశాఖ వాళ్ల కాగితంలో వంటింటికి బీడబ్ల్యూఆర్ ప్లైవుడ్, మిగతా అంతా ఇంజినీర్డ్ వుడ్, ప్రీమియం ఫినిష్ అని ఉంది. కార్పెంటర్ కాగితమేమీ ఇవ్వలేదు. మెటీరియల్‌తో కలిపి చదరపు అడుగు 1,450 అన్నాడు, అంతే.

చిత్రిక:

ఇంజినీర్డ్ వుడ్ అన్న మాట కింద పార్టికల్ బోర్డు, ఎండీఎఫ్ (చెక్క పీచుతో నొక్కిన పలక), హెచ్‌డీహెచ్‌ఎంఆర్ (తేమకి ఆగే గట్టి పలక) అన్నీ వచ్చేస్తాయి. ధరలో గానీ బలంలో గానీ ఈ మూడూ ఒకటి కావు. పార్టికల్ బోర్డు అంటే చెక్క ముక్కల్ని జిగురు పెట్టి నొక్కిన పలక. నీళ్లు తగిలితే ఉబ్బుతుంది, ఒకసారి ఉబ్బింది మళ్లీ దిగదు. కాబట్టి ఏ గదికి ఏ బోర్డో పేరు, మందం, కంపెనీ రాయించుకోండి. ప్లైలో ఎంఆర్ రకం గాలిలోని తేమకి ఆగుతుంది, నీటికి ఆగదు. బీడబ్ల్యూఆర్, అంటే మరిగే నీటికి తట్టుకునే రకం, దాని కంటే మేలు. సింకు కింద, వాష్ ఏరియాలో మాత్రం ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై వేయించండి. షీటు మీద ఐఎస్‌ఐ గుర్తుతో పాటు సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు నంబరు ఉంటుంది. ఐఎస్‌ఐ గుర్తు ఇచ్చే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ వాళ్ల బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే లైసెన్సు ఎవరిదో, ఇప్పుడు నడుస్తోందో లేదో చూపిస్తుంది. షీట్లు బండిలోంచి దిగుతున్నప్పుడే చూసుకోండి. కోశాక ముద్ర ఏ ముక్క మీద ఉందో ఎవరూ వెతకలేరు.

ఇక అడుగు లెక్క. వార్డ్‌రోబ్‌ని ముందు నుంచి కొలుస్తాం, వెడల్పు ఇంటూ ఎత్తు. ఏడడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తు అయితే 49 చదరపు అడుగులు. 1,450 చొప్పున 71,050 రూపాయలు. పైన రెండడుగుల అటకకి తలుపులు పెడితే ఇంకో 14 అడుగులు. మరి అటకకీ అదే రేటా? లోపల ఎన్ని సొరుగులు ఈ రేటులోకి వస్తాయి? తాళాలు, హ్యాంగర్ రాడ్డు, అద్దం కలిపా విడిగానా? హింజ్‌లు (తలుపు బందులు) ఏ కంపెనీవి, మెల్లగా మూసుకునేవా మామూలువా? వెనకాల 6 ఎంఎం పలక వేస్తారా, గోడే వెనక పలక అంటారా? తలుపుకి బయట లామినేట్ వేసి లోపలి వైపు వదిలేస్తే పొడుగు తలుపు కొన్నాళ్లకి వంకర తిరుగుతుంది, కాబట్టి రెండు వైపులా వేస్తారా? ఇవన్నీ కాగితం మీద పెట్టించాక ఆ ఎనిమిది లక్షలు ఎనిమిదిగానే ఉంటాయేమో చూడండి. నా లెక్కలో ఉండవు.

నాగావళి_ఒడ్డు:

మాది శ్రీకాకుళం. మేము మొత్తం పని ఒక సంస్థకే అప్పజెప్పాం. పేరు రాయను. కంప్యూటర్లో బొమ్మలు ఎంతో అందంగా చూపించారు. సంతకం పెట్టిన రోజున సగం డబ్బు, మెటీరియల్ దిగిందనగానే ఇంకో 40 శాతం తీసుకున్నారు. మిగిలిన పది శాతం కోసం వాళ్లకి తొందరేముంటుంది? మూడో వార్డ్‌రోబ్‌కి తలుపులు బిగించకుండానే మనుషులు ఇంకో సైటుకి వెళ్లిపోయారు. ఫోన్ చేస్తే రేపంటారు, ఎల్లుండంటారు. గృహప్రవేశం నాటికి వంటింట్లో ఒక్క సొరుగూ లేదు. చుట్టాలందరి ముందూ మా అత్తగారు డబ్బాలన్నీ నేల మీద పరుచుకుని వంట చేయించాల్సి వచ్చింది. ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. కొన్నాళ్లకి సింకు కింద పలక ఉబ్బింది. వేరే కార్పెంటర్‌తో విప్పిస్తే, ప్లై అని రాసిన చోట పార్టికల్ బోర్డు ఉంది.

ఇంత జరిగినా డిజైనర్ వద్దని నేను చెప్పను. బొమ్మ గీసేవాళ్లు, సామాను కొనేవాళ్లు, బిల్లు వేసేవాళ్లు అంతా ఒక్కరే అయితే వాళ్లని అడిగేవాళ్లు ఎవరుంటారో అది ఆలోచించుకోండి.

ఎచ్చెర్ల_ఇంజినీరు:

నాగావళి గారూ, మీ దగ్గర కొటేషన్, రసీదులు, ఆ పలక ఫోటోలు ఉంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయొచ్చు. 2019 చట్టం వచ్చాక, సంస్థ ఏ ఊళ్లో ఉన్నా మనం ఉండే జిల్లాలోనే వేసుకునే వీలుంది. రెండేళ్ల గడువు ఉంటుంది, దాటనివ్వకండి మేడమ్.

ప్రశ్న అడిగిన సార్‌కి. ఆర్కిటెక్ట్ అన్న పేరుకి 1972 నాటి చట్టం ఉంది. కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో నమోదైనవాళ్లే ఆ పేరు వాడాలి. ఇంటీరియర్ డిజైనర్‌కి అలాంటి చట్టం లేదు, ఎవరైనా బోర్డు పెట్టుకోవచ్చు. అందుకని వాళ్లు చేసిన ఇల్లు చూడండి. నిన్న మొన్న పూర్తయిన ఇల్లు కాదు, కనీసం రెండు వానాకాలాలు గడిచిన ఇల్లు. ఆ ఇంటివాళ్లతో డిజైనర్ పక్కన లేనప్పుడు మాట్లాడండి.

వాయిదాలు నేనైతే ఇలా అడుగుతాను. ఒప్పందానికి పది శాతం, షీట్లు సైటులో దిగి నేను చూశాక ముప్ఫై, వార్డ్‌రోబ్, వంటింటి పెట్టెలు గోడకి బిగించాక ముప్ఫై, తలుపులు, హ్యాండిళ్లు అయ్యాక ఇరవై, నెల వాడి చూశాక చివరి పది. అందరూ ఒప్పుకోరు. కానీ అడిగితే ఎంతో కొంత మనవైపు జరుగుతారు.

బాత్రూమ్ గోడకి ఆనుకుని ఏ వార్డ్‌రోబ్ వస్తోందో కూడా ఇప్పుడే చూసుకోండి. ఆ గోడకి బాత్రూమ్ వైపు వాటర్‌ప్రూఫింగ్ సరిగ్గా చేయించకపోతే ఎంత ఖరీదైన ప్లై పెట్టినా వెనకాల బూజు పడుతుంది. కొత్త ప్లాస్టరింగ్ పూర్తిగా ఆరకముందే చెక్క పని మొదలుపెట్టినా అదే గతి.

టెక్కలి_అబ్బాయి:

నా మాట కొంచెం వేరుగా ఉంటుంది. నేను బహ్రెయిన్‌లో ఉద్యోగం చేస్తున్నాను. టెక్కలిలో ఇల్లు కట్టినప్పుడు అక్కడ ఉన్నది అమ్మా నాన్నే. నాన్నకి గుండె ఆపరేషన్ అయింది. ఆయన షాపు చుట్టూ తిరిగి లామినేట్ ఎంచి, కార్పెంటర్ రాని రోజున ఫోన్లు చేసి, సాయంత్రం కూలీ లెక్క చూసుకోవడం అయ్యే పని కాదు. అందుకే మొత్తం ఒక డిజైనర్‌కే అప్పగించాం. బయట చేయించుకునే దాని కంటే ఎక్కువే అయింది, నాకు తెలుసు. ప్రతి వారం వీడియో కాల్‌లో సైటు చూపించారు, షీట్ల బిల్లులు వాట్సాప్‌లో పెట్టారు, చెప్పిన నెలకి తాళాలిచ్చారు. వంటగట్టుకి మా వైపు నీలం గ్రానైటే వాడదామని సలహా ఇచ్చింది కూడా వాళ్లే. నేను సెలవు పెట్టుకుని వచ్చి కూర్చుంటే పోయే జీతం కన్నా ఆ డబ్బు తక్కువ.

కాబట్టి అందరూ డ్రాయింగులే చాలు అంటే ఎలా? దగ్గరుండి చూసుకునే మనిషి ఇంట్లో ఉన్నాడా లేడా అన్నది పెద్ద ప్రశ్న. ఉంటే గంటస్తంభం గారి దారి. లేకపోతే మా దారి.

గంటస్తంభం:

ఒప్పుకుంటాను తమ్ముడూ. నేను ఊళ్లోనే ఉంటాను, సాయంత్రం స్కూటర్ మీద సైటుకి వెళ్లి చూసుకున్నాను. ఆ వీలు అందరికీ ఉండదు.

పలాస_తీరం:

మాది వజ్రపుకొత్తూరు వైపు. సముద్రం గాలికి మామూలు ఇనుప హింజ్‌లు, స్క్రూలు తొందరగా తుప్పు పడతాయి. 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు హింజ్‌లు అడగండి. కిటికీల కింద చెక్క సొరుగులు వద్దు. 2018లో తిత్లీ తుపాను వచ్చిన రాత్రి వాన అడ్డంగా కొట్టి కిటికీ సందుల్లోంచి లోపలికి కారింది. కిటికీ కింద ఉన్న చెక్క పనంతా పాడైపోయింది. విజయనగరం వాళ్లకి 2014 హుద్‌హుద్ గుర్తుండే ఉంటుంది. ఈ ప్రాంతంలో పని చేయని డిజైనర్‌కి ఇది తట్టదు, అడిగి చూడండి.

రాజాం_ఇల్లాలు:

బాబూ, మీ ఆవిడ ఏడున్నరకల్లా క్యారేజీలు కట్టాలన్నారు. అన్నిటికంటే ముఖ్యమైన మాట అదే, అందరూ దాన్ని వదిలేసి చెక్క గురించి మాట్లాడుతున్నారు.

నేను రాజాంలో మా ఇల్లు కట్టించినప్పుడు ఇద్దరు డిజైనర్లతో మాట్లాడాను. ఒకాయన తెల్లటి గ్లాసీ తలుపులు, ద్వీపం లాంటి గట్టు ఉన్న వంటింటి బొమ్మలు చూపించారు. ఇంకొకావిడ నన్ను వంటింట్లో నిలబెట్టి మోచెయ్యి వంచమంది. నేల నుంచి మోచేతికి కొలిచి, నాలుగంగుళాలు తగ్గించి గట్టు ఎత్తు రాసుకుంది. తర్వాత ఏడాదికి సరిపడా బియ్యం కొంటారా, నెలనెలా తెచ్చుకుంటారా అని అడిగింది. గ్రైండర్ ఎక్కడుంటుంది, రోజూ తీస్తారా? ఆవకాయ జాడీలు ఎన్ని? చింతపండు, ఎండుమిరపకాయలు ఎక్కడ దాస్తారు? బుడితి ఇత్తడి బిందెలు, పెద్ద గంగాళాలు పండక్కే దింపుతారా? ఆవిడనే పెట్టుకున్నాను. నాకు ఇంకో ఆలోచన లేకపోయింది.

మీ వంటింటికి వచ్చేసరికి కొన్ని మాటలు. మీ అమ్మగారు వంగలేరు కాబట్టి కింది అరలకి తలుపులు వద్దు, అన్నీ బయటికి లాక్కునే సొరుగులే పెట్టించండి. తలుపు తీసి లోపలికి చెయ్యి పెట్టి వెతకాలంటే మోకాళ్ల మీద కూర్చోవాల్సిందే. సొరుగులకి ఖర్చు ఎక్కువ, నిజమే. హాల్లో ఫాల్స్ సీలింగ్ ఖర్చు తగ్గించి ఆ డబ్బు ఇక్కడ పెట్టండి. అమ్మగారు రోజూ వాడే పప్పుల డబ్బాలు నడుము నుంచి భుజం ఎత్తు మధ్యలోనే ఉండాలి. పొయ్యి ఆగ్నేయంలో తూర్పు ముఖంగా పెట్టుకుంటారు కదా, సింకుకీ పొయ్యికీ మధ్య కూరగాయలు తరుక్కునేందుకు కనీసం రెండున్నర అడుగుల గట్టు ఖాళీగా మిగలాలి. ఉదయం ఇద్దరు నిలబడితే ఒకరి చెయ్యి ఒకరికి తగలకూడదు. క్యారేజీలు కట్టే చోటు పొయ్యి పక్కన వద్దు, తలుపు దగ్గర విడిగా ఒక చిన్న గట్టు పెట్టండి, నీళ్ల సీసాలు కూడా అక్కడే. పిల్లలు వచ్చి తీసుకుని వెళ్లిపోతారు.

మైక్రోవేవ్‌కి, గీజర్‌కి 16 ఆంపియర్ల పాయింట్లు, చిమ్నీ గొట్టానికి ఆరంగుళాల రంధ్రం, నీళ్ల ఫిల్టరుకి కుళాయి, కరెంటు రెండూ. ఎలక్ట్రీషియన్ వచ్చే లోపల మీ ఆవిడనీ అమ్మగారినీ ఆ వంటింట్లో సుద్దముక్కతో నిలబెట్టండి. గోడ మీద వాళ్లే గుర్తులు పెడతారు.

స్కేలూ_పెన్సిలూ:

నేను విజయనగరంలో ఇంటీరియర్ డిజైనర్‌ని. పని కోసం రాయడం లేదు, ఇక్కడ నా పేరు కూడా పెట్టను. రాజాం అక్క రాసింది చదివి చాలా సంతోషం వేసింది. మా పనిలో అసలు పని అదే.

డబ్బు విషయం స్పష్టంగా చెబుతాను. మేం మూడు రకాలుగా తీసుకుంటాం. డ్రాయింగులకి మాత్రమే ఫీజు, లేదా పని మొత్తం మీద శాతం, లేదా మెటీరియల్, కూలీ అన్నీ కలిపి ఒక మొత్తం. మూడోదాంట్లో మా ఫీజు విడిగా కనబడదు, అది షీటు ధరలోనో కూలీలోనో కలిసిపోతుంది. మీకు వచ్చిన 13 లక్షల 40 వేలు అలాంటిదే. అందులో ఆఫీసు అద్దె, సూపర్‌వైజర్ జీతం, ఫ్యాక్టరీ కటింగ్, రవాణా, వారంటీ అన్నీ ఉంటాయి. అవి మీకు కావాలంటే ఆ ధర అన్యాయం కాదు. కానీ 18 శాతం కలిపితే 15 లక్షల 80 వేలు దాటుతుంది, మీ బడ్జెట్ పది. అక్కడే ఆ దారి మూసుకుపోయింది.

డ్రాయింగులకి ఒప్పుకుంటే ఏమేం ఇస్తారో పట్టిక రాయించుకోండి. సామాన్లు ఎక్కడ వస్తాయో చూపే ప్లాన్, దాని మీద ప్రతి పాయింటు ఎత్తుతో సహా ఎలక్ట్రికల్ బొమ్మ, వంటింటి నాలుగు గోడల బొమ్మలు, ప్రతి వార్డ్‌రోబ్ లోపలి అరల కొలతలు, మెటీరియల్ వివరం. రంగుల త్రీడీ బొమ్మలు ఒకటి రెండు చాలు, వాటికే ఎక్కువ ఫీజు పోతుంది, కార్పెంటర్‌కి వాటితో పని లేదు. పని నడిచేటప్పుడు ఎన్నిసార్లు సైటుకి వస్తారో కూడా అందులోనే రాయాలి.

నాగావళి_ఒడ్డు:

మేడమ్, ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. ఫీజు తీసుకుని, మళ్లీ ప్లైవుడ్ షాపు నుంచి, టైల్స్ షాపు నుంచి కమిషన్ కూడా తీసుకుంటారు కదా? మాకు ఫలానా షాపులోనే కొనాలని గట్టిగా చెప్పారు.

స్కేలూ_పెన్సిలూ:

తీసుకునేవాళ్లు ఉన్నారు అక్కా. డిజైనర్లే కాదు, మేస్త్రులకీ కార్పెంటర్లకీ కూడా కొన్ని షాపులు ఇస్తాయి. ఆ డబ్బు ఇంటివాళ్ల బిల్లులోంచే వస్తుంది. నేను తీసుకోను, ఆ ముక్క నా ఒప్పందంలో రాసే ఇస్తాను. డిజైనర్‌ని ముఖం మీదే అడగండి: కమిషన్ తీసుకుంటారా, తీసుకుంటే అది మా బిల్లులో తగ్గిస్తారా అని. కొనేటప్పుడు కంపెనీ, రకం, మందం రాసిన కాగితం పట్టుకుని మీరే రెండు మూడు షాపులు తిరగండి. ఫలానా షాపే అని పట్టుబడితే కారణం అడగండి. ఒక్కోసారి నిజంగానే ఆ లామినేట్ రంగు ఒక్క చోటే దొరుకుతుంది, అలాంటప్పుడు కారణం చెప్పగలుగుతారు.

చిత్రిక:

మేడమ్ చెప్పింది నిజం. మాలోనూ తీసుకునేవాళ్లున్నారు. నేను కూలీ విడిగా మాట్లాడుకుంటాను, సామాను ఇంటివాళ్లనే కొనమంటాను.

కొత్తిల్లు_విజయనగరం:

అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. ఎలక్ట్రీషియన్‌తో మాట్లాడాను, రెండు వారాలు ఆగడానికి ఒప్పుకున్నాడు. ఈలోగా కంటోన్మెంట్‌లో ఒక డిజైనర్ చేసిన ఇల్లు చూసి వచ్చాం. కట్టి మూడేళ్లయింది. వంటింటి సొరుగులు లాగి చూశాను, సింకు కింద చెయ్యి పెట్టి చూశాను, ఎక్కడా ఉబ్బు లేదు. ఆ ఇంటావిడ మా ఆవిడతో చాలాసేపు మాట్లాడారు. ఆ డిజైనర్ డ్రాయింగులకి, సైటుకి వచ్చి చూసుకోవడానికి కలిపి 70 వేలు అడిగారు. షాపు కమిషన్ గురించి అడిగితే, లేదని కాగితం మీద రాశారు. ఆయన్నే పెట్టుకుంటున్నాం.

కార్పెంటర్‌తో కూలీ విడిగా మాట్లాడుకుంటాం. ఫాల్స్ సీలింగ్ తీసేశాం. మూడో గదిలో ప్రస్తుతానికి అరలే, తలుపులు తర్వాత. ఆ మిగిలింది వంటింటి సొరుగులకి. నిన్న సాయంత్రం అమ్మా, మా ఆవిడా సుద్దముక్క పట్టుకుని వంటింట్లో గోడల మీద గీతలు గీశారు. క్యారేజీల గట్టు తలుపు పక్కన పెట్టాలని ఇద్దరూ ఒకే మాట అన్నారు.

ఎచ్చెర్ల_ఇంజినీరు:

మంచి నిర్ణయం. సుద్ద గీతలు చెరిగిపోకముందే అన్ని గోడల ఫోటోలు తీసి డిజైనర్‌కి పంపండి. గాడులు కొట్టి పైపులు వేశాక, ప్లాస్టరింగ్ మూసేలోపు కూడా టేపు కనబడేలా ఫోటోలు తీయండి. రేపు మేకు కొట్టాలన్నా, డ్రిల్లు పెట్టాలన్నా అవే దిక్కు.

చిత్రిక:

సార్, పైడితల్లి అమ్మవారి పండగ ముందు నుంచీ సంక్రాంతి దాకా కార్పెంటర్లు దొరకడం కష్టం. గృహప్రవేశం ముహూర్తం ఎప్పుడు పెట్టుకున్నా, ఇప్పుడే చెప్పి కొంచెం అడ్వాన్స్ ఇచ్చి పెట్టుకోండి.

రాజాం_ఇల్లాలు:

బాబూ, ఒకటి మర్చిపోయారు. మీ అమ్మగారి గదిలో లైటు స్విచ్ ఒకటి మంచం మీద నుంచే అందాలి, అక్కడి నుంచి బాత్రూమ్ దాకా దారిలో కింద చిన్న లైటు ఉండాలి. డిజైనర్ గీసిన బొమ్మలో అది ఉందో లేదో చూసి చెప్పండి.

కొత్తిల్లు_విజయనగరం:

బొమ్మలో స్విచ్ ఉంది, కింద లైటు లేదు. ఇప్పుడే ఫోన్ చేసి చెప్పానమ్మా, కలుపుతానన్నారు.